బోర్డు మీద లేని కొక్కెం

వైమానిక దళంలో ఇన్నేళ్ళు ఏం పని చేశావని ఎవరైనా అడిగితే, పానాలు, స్క్రూడ్రైవర్లు లెక్కపెట్టాను అంటాను. అడిగినవాళ్ళు నవ్వుతారు. నేను మాత్రం నవ్వులాటకు అనడం లేదు. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, పని అయిపోయాక ఒకసారి, మధ్యలో చేతులు మారితే మరోసారి లెక్కపెట్టేవాళ్ళం. విమానం ఎక్కినవాళ్ళు క్షేమంగా దిగడానికి నేను చేసినదాంట్లో సగం ఆ లెక్కే.

మా చిన్నాయన కొడుకు సారంగాపూర్‌లో ఆటో నడుపుతాడు. అతని కూతురు రజిత ఈ మధ్యే అగ్నివీర్‌గా వైమానిక దళానికి ఎంపికైంది. టెక్నికల్ పని దొరికింది. ట్రైనింగుకు పోయే ముందు జగిత్యాలలో మా ఇంటికి వచ్చి నోట్‌బుక్కు తెరిచి కూర్చుంది.

"పెద్దబాపు, గాడ ఏమేం నేర్చుకోవాలె? ఒక్కొక్కటి చెప్పు, రాసుకుంట."

"జీతం, సెలవులు, డ్రెస్సు గురించి అడుగవా?"

"గవన్ని ఫోన్ల సూసిన. ఫోన్ల లేనియి చెప్పు."

ఆ మాట నాకు నచ్చింది. కానీ ఆ పూట నాకు ఒక వరుస దొరకలేదు. ఏదో మొదలుపెట్టి ఇంకేదో చెప్పాను. పాపం, ఆ పిల్ల రెండు పేజీలు రాసుకుని, మూడో పేజీలో పెన్ను మూసేసింది. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ఏ ఏడు భుజం మీద ఏ గుర్తు వచ్చిందో ఇందులో ఉండదు. అది నాకే సరిగా గుర్తులేదు. నన్ను పనివాడిని చేసిన ఒక తప్పు, ఒక మనిషి, వాటి చుట్టూ నాలుగు మాటలు, అంతే.

సాంచల కింద పెరిగినవాణ్ణి

మాది ముస్తాబాద్ దిక్కు పల్లె. చేను లేదు, చెలక లేదు. మా బాపు సిరిసిల్లకు వచ్చి ఒక ఆసామి దగ్గర సాంచలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. నేను నడక నేర్చింది ఆ కార్ఖానాలోనే అనాలి. ఎనిమిది సాంచలు ఒక్కసారి కొడుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. పెదవులు చూసి మాట్లాడుకోవడం మాకు చిన్నప్పుడే వచ్చు. ఆ మోతలో ఏ సాంచ ఒక్క దెబ్బ తప్పినా మా బాపు తల తిప్పకుండానే "మూడోది" అనేవాడు. వెళ్ళి చూస్తే మూడోదాంట్లోనే పోగు తెగి ఉండేది.

తెగిన పోగును సందులోంచి లాగి అతకడానికి ఒక చిన్న కొక్కెం ఉండాలి. మా బాపు తన కొక్కేన్ని సైకిల్ పుల్లతో చేసుకున్నాడు. బెత్తెడు పొడవు, కొస సానబట్టి వంచినది, పట్టుకునే చోట దారం చుట్టినది. రెండు చేతులూ పోగుల మీద ఉంటాయి కనుక పని మధ్యలో ఆ కొక్కెం చెవి మీదికి పోతుంది. వడ్రంగి పెన్సిల్ పెట్టుకున్నట్టే. పదో తరగతి దాటేసరికి నాకూ అదే అలవాటైంది. చెవి మీద ఏమీ లేకపోతే ఏదో మరిచిపోయినట్టు ఉండేది.

నేను వైమానిక దళానికి ఎంపికైనప్పుడు మా బాపు దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు. ఆ కొక్కెం ఇచ్చాడు.

"ఇనుప పని అంటున్నవ్ గద. యాడన్న పనికత్తది, ఉంచుకో."

నిజంగానే పనికొచ్చింది. పనికిరాకపోతే బాగుండేది.

కోరుట్ల సార్జెంట్

నా మొదటి పోస్టింగు క్యాడెట్లు విమానం నడపడం నేర్చుకునే ఒక స్టేషన్లో. దాని పేరు రాయను. ముందు ప్రొపెల్లర్, లోపల పక్కపక్కన రెండు సీట్లు, ఒకదాంట్లో ఇన్‌స్ట్రక్టర్, ఇంకోదాంట్లో క్యాడెట్. యుద్ధవిమానాల ముందు అవి బొమ్మల్లా కనిపిస్తాయి. కానీ యుద్ధవిమానాన్ని నడిపేది వచ్చినవాడు, వీటిని నడిపేది రానివాడు. రోజంతా అవి దబీమని దిగడం, మళ్ళీ లేవడం. టైర్లు, బ్రేకులు, చక్రాల కాళ్ళు, ప్రతి సాయంత్రం ఏదో ఒకటి మా దగ్గరికి వచ్చేది. తప్పులు చేయడానికే తయారుచేసిన విమానం అది. దాన్ని చూసుకునేవాడు మాత్రం తప్పు చేయకూడదు.

మా పనికి పెద్ద ఖాజా సాబ్, సార్జెంట్. సన్నటి మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా. మొదటిరోజు హిందీలో ఏ ఊరని అడిగాడు. సిరిసిల్ల అన్నాను. ఆయన ముఖం మారిపోయింది.

"సిరిసిల్లనా? మాది కోరుట్ల గాదుర! ఇన్నేండ్లకు మా దిక్కు మాట ఇనవడ్డది."

అంతమాత్రాన వదిలిపెట్టాడని అనుకోవద్దు. తన దిక్కువాడినని నన్ను రెండింతలు తోమాడు. తెల్లారేసరికి రెక్కల మీది మంచు నాతోనే తుడిపించేవాడు. ఒక క్యాడెట్ గాల్లో పల్టీలు కొట్టే పాఠంలో వాంతి చేసుకుంటే, కక్కినవాడే కడగాలన్నది అక్కడి నియమం. ఆ అబ్బాయి సిగ్గుతో బకెట్ పట్టుకుని వస్తుంటే మేమంతా నవ్వాం. ఖాజా సాబ్ మాత్రం ఇంకో గుడ్డ తీసుకుని పోయి ఆ అబ్బాయి పక్కన కూర్చుని తుడిచాడు. తర్వాత మాతో అన్నాడు, "రేపు గా పోరడు మీ సంతకం నమ్మి గాల్లకు వోతడు. నవ్వేటోని సంతకం నమ్మబుద్ధి ఐతదా?"

సాంచల పుణ్యమా అని నా చెవి గట్టిది. ఇంజన్ కాస్త తేడాగా కొట్టినా నాకు ముందే తెలిసేది. ఆ గర్వం కూడా ఉండేది. ఒకసారి మీటరు చూడకుండానే "బాగుంది, సాబ్" అన్నాను. మీటరులో ఇంజన్ చక్కర్లు తగ్గి ఉన్నాయి. ఖాజా సాబ్ నా చెవి పట్టుకుని మీటరు దగ్గరికి తీసుకుపోయాడు, నిజంగానే పట్టుకుని. "చెవు చెప్పింది ఇను. కాయిదం మీద మాత్రం మీటర్ చెప్పిందే రాయి." ఉద్యోగం చేసిన ముప్పై ఏడేళ్ళూ అదే రాశాను.

హ్యాంగర్ గోడకు ఒక పెద్ద చెక్క బోర్డు. దాని మీద ప్రతి పానా, ప్రతి స్క్రూడ్రైవర్ ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. పనిముట్టు తీస్తే ఆ చోట నీడ మిగులుతుంది. పని అయ్యాక ఒక్క నీడ ఖాళీగా కనిపించినా విమానం కదలదు. సొంత పనిముట్లు లోపలికి తేవద్దన్నది మొదటి ఆర్డరు. నేను దాని మీద సంతకం చేశాను. చేసి, మా బాపు కొక్కెం చెవి మీద పెట్టుకుని తిరిగాను.

కారణం చెప్తాను, దాన్ని సాకు అనుకున్నా సరే. బోల్టులు అదురుకు వదులు కాకుండా వాటి రంధ్రాల్లోంచి సన్నటి తీగ దూర్చి మెలిపెడతాం. ఇరుకు సందుల్లో ఆ తీగ కొస దొరకదు. అందరూ పావుగంట తంటాలు పడేచోట నేను కొక్కెంతో రెండు నిమిషాల్లో లాగేవాణ్ణి. దొడ్డిదారిన దొరికిన పెద్దరికం నాకు బాగా నచ్చింది. దాన్ని ఒక వారం అనుభవించాను.

ఆ రోజు

పొద్దున ఒక విమానం తిరిగివచ్చింది. కాలితో తొక్కే పెడల్ కొంచెం ఊగుతోందని ఇన్‌స్ట్రక్టర్ పుస్తకంలో రాశాడు. నేను లోపల తలకిందులుగా దూరి బోల్టు బిగించి తీగ మెలిపెట్టాను. ఖాజా సాబ్ వచ్చి చూశాడు, సరిగ్గా ఉందన్నాడు. పనిముట్లు లెక్కపెట్టాం. బోర్డు మీద ఒక్క నీడ కూడా ఖాళీ లేదు. సంతకాలయ్యాయి. ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఎక్కారు. విమానాన్ని నడిపే స్టిక్‌ను అన్ని వైపులా తిప్పి చూసుకున్నారు, ఏ అడ్డూ లేదు. ఇంజన్ అందుకుంది. నేను చక్రాల అడ్డుకట్టెలు లాగి చెయ్యి ఊపాను. ఆ రోజు వాళ్ళ పాఠం పల్టీలు.

విమానం రన్‌వే వైపు పోతుంటే చెవి దురద పెట్టింది. చెయ్యి పోయింది. చెవి మీద ఏమీ లేదు.

చొక్కా చూసుకున్నాను. కాలర్, జేబులు, నిలబడ్డ నేల, గడ్డి అంతా చూశాను. లేదు. తలకిందులుగా దూరినప్పుడు జారిందని అప్పటికే తెలిసిపోయింది. విమానం గాల్లో తలకిందులైతే లోపలున్న ప్రతి వదులు వస్తువూ తేలుతుంది. తేలి ఎక్కడ ఇరుక్కుంటుందో ఎవరూ చెప్పలేరు. స్టిక్ మొదట్లో ఇరుక్కుంటే ఆ ఇద్దరూ దిగరు.

ఇప్పుడు రజితకు చెప్పాల్సిన మాట ఇది. ఆ నిమిషంలో నాకు మొదట వచ్చింది మంచి ఆలోచన కాదు. బోర్డు నిండుగా ఉంది. లెక్క సరిపోయింది. ఏమైనా జరిగినా ఆ కొక్కెం ఎవరిదో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. చెబితే మాత్రం ఉద్యోగం పోతుంది, మళ్ళీ సిరిసిల్ల, మళ్ళీ సాంచలు, బాపు తలవంపులు. బహుశా బయటే పడిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంతసేపు అలా నిలబడ్డానో ఇప్పటికీ తెలియదు. పది క్షణాలు కావచ్చు. ఆ పది క్షణాలకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

తర్వాత ఉరికాను. ఖాజా సాబ్ ఫోన్ దగ్గర నిలబడి ఉన్నాడు.

"సాబ్, నా కొక్కెం విమానంల పడ్డది."

ఏం కొక్కెం అని అడగలేదు. ఎట్లా పడింది అనీ అడగలేదు. ఫోనెత్తి టవర్‌తో హిందీలో నాలుగు మాటలు మాట్లాడాడు. విమానం రన్‌వే మొదట్లో నిలబడి ఇంజన్ పెంచుతోంది. ఆ శబ్దం పెరిగి, పెరిగి, ఒక్కసారిగా తగ్గింది. వెనక్కి తిరిగింది. నేను అడ్డుకట్టెలు పట్టుకుని దానికి ఎదురుపోయాను.

వెతకడానికి గంట పట్టింది. సీట్లు తీశాం, పలకలు తీశాం. ఇరవై మంది చూపులు నా వీపు మీద ఉన్నాయి. ఎంతకీ దొరకకపోతుంటే బయటే పడి ఉంటుందని ఎవరో సణిగారు. చివరికి చిన్న అద్దం, టార్చి పెట్టి చూస్తే, స్టిక్ చుట్టూ ఉండే కాన్వాసు తొడుగు మడతలో దారం చుట్టిన కొస కనిపించింది. విమానం నడిచిన కుదుపులకు అక్కడికి జారింది. ఇన్‌స్ట్రక్టర్ సార్ చెయ్యి పెట్టి స్టిక్‌ను మెల్లగా వెనక్కి లాగాడు. సగం దాకా వచ్చి టక్కుమని ఆగింది. ఇంకోసారి లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

ఆయన చాలాసేపు స్టిక్ మీద చెయ్యి తియ్యలేదు. తర్వాత దిగి, నూనె జిడ్డుతో ఉన్న నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. క్యాడెట్ మాత్రం పాఠం పోయిందని ముఖం మాడ్చుకున్నాడు. అతనికి అర్థమయ్యేసరికి మధ్యాహ్నమైంది. అన్నం దగ్గరికి వచ్చి నా పక్కన కూర్చుని, తన పళ్ళెంలోని గులాబ్‌జామ్ నా పళ్ళెంలో వేశాడు. అది నేను తినలేకపోయాను.

శిక్ష

ఉద్యోగం పోలేదు. పద్నాలుగు రోజులు క్యాంపు దాటకూడదు, అదనపు డ్యూటీలు, కాగితంలో ఒక ఎర్రసిరా మాట. తక్కువ శిక్షే. ఖాజా సాబ్ ఏం రాసి పంపాడో అప్పుడు నాకు తెలియదు. ఇంజనీరింగ్ ఆఫీసర్ నన్ను పిలిచి, ఆ కొక్కెం నిజంగా అంత పనికొస్తుందా అని అడిగాడు. చేసి చూపించాను. ఆయన దానికి ఒక నంబరు వేయించి, బోర్డు మీద నీడ గీయించాడు. మా బాపు సైకిల్ పుల్ల సర్కారు సామానైంది. పొద్దున, సాయంత్రం అందరూ దాన్ని లెక్కపెట్టేవాళ్ళు.

నాకు బదిలీ అయినప్పుడు అది అక్కడే ఉండిపోయింది. బోర్డు మీదిది ఇంటికి తేకూడదు కదా. సెలవులో బాపు అడిగాడు.

"నా కొక్కెం ఏదిర?"

జరిగినదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన బీడీ ఆర్పాడు.

"పోగు తెగితే సాంచ ఆపాలె. ఆపినవ్. ఇంకేం గావాలె?"

ఆ తర్వాత కార్ఖానాలో అందరికీ తన కొక్కెం విమానాల దగ్గర ఉద్యోగం చేస్తోందని చెప్పుకున్నాడట.

కొక్కెం దొరికిన మరుసటి పొద్దు నుంచి ఖాజా సాబ్ ఒక పద్ధతి పెట్టాడు. విమానం దగ్గరికి పోయే ముందు అందరినీ వరుసలో నిలబెట్టి జేబులు బయటికి తీయించేవాడు. ముందు తనవి తీసేవాడు. రుమాలు, దువ్వెన, వక్కపొడి డబ్బా బల్ల మీద పెట్టి, జేబుల గుడ్డ బయటికి లాగి, చెవుల వెనక వేళ్ళు తిప్పి చూపించేవాడు. తర్వాతే మా వంతు. మాకు నేర్పడానికి అలా చేస్తున్నాడని అనుకునేవాళ్ళం. తర్వాత నేనూ ఒక జట్టుకు పెద్దనయ్యాక అదే చేశాను, ఆయన్ని చూసి.

నాకు దొరికిన బాసులంతా ఆయనలాంటివాళ్ళు కాదు. పొద్దున్నే "ఎన్ని రెడీ?" అని మాత్రమే అడిగే ఒక ఆఫీసర్ దగ్గర రెండేళ్ళు చేశాను. తక్కువ సంఖ్య చెబితే అరిచేవాడు. అక్కడ మనుషులు లోపాలు దాచడం నేర్చుకున్నారు. అరిచే బాసు దగ్గర విమానాలు కాగితం మీదే బాగుంటాయి. రజితా, అలాంటివాడు దొరికితే తక్కువ సంఖ్యే చెప్పు, తిట్లు తిను. తిట్లతో ఎవరూ చావరు.

కోరుట్లలో

ఆ పూట నేను వరుస లేకుండా చెప్పినదాంట్లో ఈ సంగతి విని రజిత ఖాజా సాబ్‌ను చూడాలంది. పోయిన ఆదివారం ఇద్దరం కోరుట్ల బస్సెక్కాం. ఆయనకు ఎనభై దాటాయి. నడవడానికి కర్ర కావాలి, ఇస్త్రీ మాత్రం ఇప్పటికీ చెదరదు. నన్ను చూడగానే ఎప్పటిలాగే చెయ్యి చాచాడు.

"జేబులు!"

కళ్ళజోడు డబ్బా, బస్సు టికెట్, బీపీ మాత్రలు తీసి ఆయన ముందు పెట్టాను. రజిత పడిపడి నవ్వింది. చాయ్ తాగుతుంటే ఆమె అడిగింది, "తాతా, గప్పుడు మా పెద్దబాపును బాగ తిట్టినవా?"

ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఎట్ల తిడుత బిడ్డా? వారం సంది నేను సూస్తనే ఉన్న."

"ఏం సూసినవ్?"

"వీడు కొక్కెం చెవు మీద వెట్టుకొని తిరుగుడు. మా దిక్కు పోరడు, పని సాఫ్ జేస్తుండు, పోనీ తియ్ అనుకున్న. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. ఆ పొద్దు వీడు ఉరికచ్చి చెప్పిండు. నేనైతే చెప్పలె."

 నలభై ఏళ్ళుగా ఆయన దగ్గరికి వస్తూనే ఉన్నాను. ఈ సంగతి ఎప్పుడూ వినలేదు. ఫోనెత్తే ముందు ఏం కొక్కెం అని ఆయన అడగకపోవడం ఇప్పుడు అర్థమైంది.

"మరి రిపోర్టుల, సాబ్?" అన్నాను.

"రిపోర్టుల మొదాలు నా పేరే రాసిన. వెట్టుకున్నోడు కొత్త పోరడు, సూసి ఊకున్నోడు సార్జెంట్. ఎవలిది పెద్ద తప్పు?"

ఆ ఏడాది ఆయనకు రావాల్సిన ప్రమోషన్ రాలేదు. తర్వాత మూడేళ్ళకు వచ్చింది. అదృష్టం లేదని బ్యారక్‌లో మేమంతా అనుకున్నాం. నేను కూడా అన్నాను, ఆయన ముందే.

"గప్పుడే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నా తప్పు సూసుకుంట నీ తప్పు మరుస్తవ్ రా."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. నా ఉద్యోగం, నా పిల్లల చదువులు, జగిత్యాలలో ఈ నాలుగు గదులు, అన్నీ ఆ కాగితం మీద ఆయన తన పేరు ముందు రాసుకోవడం వల్ల మిగిలినవే. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన చెయ్యి ఊపి కొట్టిపారేశాడు.

మేం లేస్తుంటే ఆయనా కర్ర పట్టుకుని లేచాడు. కుర్తా జేబులోంచి రుమాలు, జపమాల, వక్కపొడి డబ్బా తీసి కుర్చీ మీద పెట్టాడు. జేబు గుడ్డ బయటికి లాగాడు. వేళ్ళు చెవుల వెనక తిప్పి రజితకు చూపించాడు.

"సూడు బిడ్డా, మొదాలు నాయి."

అన్నేళ్ళు ప్రతి పొద్దున ఆయన మాకు నేర్పుతున్నాడనుకున్నాను, ముందు తనను తానే తనిఖీ చేసుకుంటున్నాడని అనుకోలేదు. రజిత నవ్వలేదు. నోట్‌బుక్కు నా చేతికిచ్చి, ఆయన ఎదురుగా నిటారుగా నిలబడి, తన జేబులు బయటికి తీసింది.